కాలేజీ పేరు చూడకుండా ఆప్టిట్యూడ్ పరీక్షతో ఫ్రెషర్లను తీసుకోవడం సరైన పద్ధతేనా?

ప్రశ్న: మాదాపూర్ భాగస్వామి

మాదాపూర్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో నేనొక భాగస్వామిని. ఆసుపత్రుల బిల్లింగు, మందుల నిల్వలు, బీమా క్లెయిముల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్‌ను తయారు చేస్తాం, దాని నిర్వహణ కూడా మేమే చూసుకుంటాం. ఏటా కొద్దిమంది ఫ్రెషర్లను ట్రైనీలుగా తీసుకుంటాం. ఇప్పటివరకు మా పద్ధతి ఏమిటంటే, నగరంలో పేరున్న ఐదారు ఇంజినీరింగ్ కాలేజీల జాబితా ఒకటి దగ్గర పెట్టుకుని, ఆ కాలేజీల వాళ్ల దరఖాస్తులనే తెరిచి చూడటం. జాబ్ పోర్టల్‌లో ప్రకటన ఇచ్చిన కొద్ది రోజులకే వేలల్లో దరఖాస్తులు వచ్చిపడతాయి కాబట్టి ఏదో ఒక వడపోత లేకుండా పని జరగదు, మాకు దొరికిన సులభమైన వడపోత అదే.

ఈసారి ఆ జాబితాను పక్కన పెట్టి, దరఖాస్తు ఫారంలో కాలేజీ పేరు రాసే గడిని కూడా తీసేసి, అందరికీ ఒకే ఆన్‌లైన్ ఆప్టిట్యూడ్ పరీక్ష పెట్టాలని నేను అనుకుంటున్నాను. నా సహ భాగస్వామి ఇందుకు ఒప్పుకోవడం లేదు. కాలేజీ పేరే ఒక పరీక్ష ఫలితమని ఆయన వాదన. ఎప్‌సెట్‌లోనో జేఈఈలోనో మంచి ర్యాంకు తెచ్చుకున్నవాళ్లే ఆ కాలేజీల్లో చేరతారు, అంత పెద్ద పరీక్ష ఒకసారి జరిగాక మనం సొంత ఖర్చుతో మరొకటి పెట్టడం ఎందుకని ఆయన అడుగుతున్నారు. ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేకపోతున్నాను. అదీగాక, ఆప్టిట్యూడ్ పరీక్షలకు ఇప్పుడు ఊరూరా కోచింగు ఉంది. కాలేజీ పేరును తీసేసి ఆ స్థానంలో కోచింగు స్తోమతను కూర్చోబెట్టినట్టు అవుతుందేమోనన్న అనుమానం నాకూ ఉంది.

ఒక వ్యక్తి మా దగ్గర పనిని ఎంత బాగా చేస్తాడో చెప్పడంలో పరీక్షకు కాలేజీ పేరు కంటే ఎక్కువ శక్తి ఉందా? ఉంటే ఎలాంటి పరీక్షకు ఉంది? తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి అది మరో అడ్డుగోడ కాకుండా ఏం చేయాలి? ఈ విషయంలో అనుభవం గానీ అధ్యయనం గానీ ఉన్నవారు వివరంగా రాయగలరని మనవి.

జవాబు: కొలమానం

ఉద్యోగుల ఎంపికకు పరీక్షలు రూపొందించే పనిలో చాలా కాలంగా ఉన్నాను. ముందు మీ సహ భాగస్వామి వాదనతో మొదలుపెడతాను, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. కాలేజీ పేరు వెనుక ఒక పరీక్ష ఉన్న మాట వాస్తవమే. అయితే ఆ పరీక్ష దేనిని కొలిచిందో చూడాలి. ఎప్‌సెట్ ఇంజినీరింగ్ పేపరులో మూడు గంటల్లో 160 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. వాటిలో 80 గణితం, 40 భౌతిక శాస్త్రం, 40 రసాయన శాస్త్రం. అంటే పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో ఇంటర్ సిలబస్‌పై ఒక పూట చూపిన వేగాన్ని, నాలుగేళ్లు గడిచాక బీమా క్లెయిముల సాఫ్ట్‌వేర్‌లో లోపం వెతికే పనికి కొలబద్దగా వాడుతున్నామన్నమాట. పైగా ఒకే కాలేజీలో కూర్చున్నవారందరి ర్యాంకులూ దగ్గరగా ఉండవు. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో, 30 శాతం యాజమాన్య కోటాలో భర్తీ అవుతాయి. కన్వీనర్ కోటాలోనూ రిజర్వేషన్లు, బ్రాంచి ఎంపిక, ఫీజు, హాస్టలు ఖర్చు, ఇంటి నుంచి దూరం అన్నీ కలిసి కాలేజీని నిర్ణయిస్తాయి. కూతురిని ఊరు దాటించి హాస్టల్లో ఉంచడానికి ఇష్టపడని తల్లిదండ్రుల వల్ల మంచి ర్యాంకు ఉండి కూడా దగ్గరి కాలేజీలో చేరిన అమ్మాయిలు ఎందరో ఉన్నారు. కాబట్టి కాలేజీ పేరులో ర్యాంకు ఛాయ ఉంటుంది గానీ, ఆ ఛాయలో కుటుంబ పరిస్థితులు కూడా కలిసిపోయి ఉంటాయి.

ఇక పరిశోధనల సంగతి. 1998లో ష్మిడ్ట్, హంటర్ అనే ఇద్దరు పరిశోధకులు 85 ఏళ్ల అధ్యయనాలను క్రోడీకరించి ఒక వ్యాసం ప్రచురించారు. సాధారణ మేధాశక్తి పరీక్షలో (ఆప్టిట్యూడ్ పరీక్షలు ఈ కోవలోవే) వచ్చిన మార్కులకూ ఉద్యోగంలో పనితీరుకూ మధ్య సహసంబంధం (రెండూ ఎంతవరకు కలిసి పెరుగుతాయో చెప్పే అంకె; 0 అంటే సంబంధం లేదు, 1 అంటే పూర్తి సంబంధం) 0.51 ఉందనీ, చదివిన సంవత్సరాల సంఖ్యకు అది 0.10 మాత్రమే ఉందనీ వారు లెక్కగట్టారు. చాలాకాలం పాటు ఈ రంగంలో అందరూ ఉదహరించిన లెక్కలివే. 2022లో సాకెట్, ఆయన సహచరులు అదే లెక్కలను మళ్లీ పరిశీలించి, ఎంపికైనవారి మార్కుల మధ్య తేడా తక్కువగా ఉండటాన్ని సర్దడానికి వాడిన పాత సవరణ పద్ధతి అంకెలను పెంచి చూపిందని తేల్చారు. వారి అంచనాలో మేధాశక్తి పరీక్షల సప్రమాణత, అంటే పనితీరును ముందుగా చెప్పగల శక్తి, 0.31కి తగ్గింది. ముందే నిర్ణయించిన ప్రశ్నలతో, ముందే రాసుకున్న మార్కుల కొలతతో జరిపే ఇంటర్వ్యూ 0.42తో అన్నిటికంటే పైన నిలిచింది. ఉద్యోగానికి కావలసిన పరిజ్ఞానాన్ని పరీక్షించే పేపర్లకు 0.40, పని నమూనా పరీక్షలకు 0.33 వచ్చాయి. మనం సాధారణంగా చేసే, నోటికొచ్చిన ప్రశ్న అడిగి మనసుకు తోచిన అభిప్రాయం ఏర్పరచుకునే ఇంటర్వ్యూకు మాత్రం 0.19 వచ్చింది. చదివిన సంవత్సరాలు వేరు, కాలేజీ ప్రతిష్ఠ వేరు అన్న తేడాను గుర్తుంచుకోండి. పై అంకెలలో కాలేజీ ప్రతిష్ఠకు నేరుగా సంబంధించినది ఏదీ లేదు.

0.31 అంటే నూటికి ముప్పై ఒక్కసారి నిజమవుతుందని అర్థం కాదు. దీన్ని అర్థం చేసుకోవడానికి టేలర్, రసెల్ 1939లో తయారు చేసిన పట్టికలు ఇప్పటికీ పనికొస్తాయి. ఏ వడపోతా లేకుండా తీసుకుంటే వందమందిలో 50 మంది బాగా పనిచేస్తారనుకుందాం. దరఖాస్తుదారుల్లో పై 20 శాతాన్ని మాత్రమే ఎంచుకున్నప్పుడు, వడపోత సప్రమాణత 0.10 అయితే ఆ 50 కాస్తా సుమారు 56 అవుతుంది, 0.30 అయితే 67, 0.40 అయితే 73 అవుతుంది. పెద్ద సంస్థకు ఇది గణనీయమైన లాభం. ఏటా కొద్దిమందినే తీసుకునే మీకు ఒక ఏడాదిలో ఆ తేడా కంటికి కనిపించకపోవచ్చు, కొన్నేళ్లు గడిస్తే మాత్రం కనిపిస్తుంది.

మరో జాగ్రత్త కూడా చెప్పాలి. మీ దగ్గర ఇప్పుడున్నవారంతా ఆ ఐదారు కాలేజీల వాళ్లే కాబట్టి, వారిని చూసి కాలేజీ పేరు పనిచేసిందనో చేయలేదనో తేల్చడానికి వీల్లేదు. జాబితాలో లేని కాలేజీల వారిని మీరు తీసుకుని ఉంటే ఎలా పనిచేసేవారో తెలిసే మార్గం మీ రికార్డుల్లో ఎక్కడా లేదు. జాబితా బాగానే పనిచేస్తోందని అన్ని సంస్థలకూ అనిపించడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

జవాబు: ఇబ్రహీంపట్నం అధ్యాపకుడు

పదేళ్లకు పైగా ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠం చెబుతూ, కొన్నాళ్లు టీపీవో (శిక్షణ, ఉద్యోగ నియామకాల అధికారి) బాధ్యతలు కూడా చూశాను. కాలేజీ పేరు తీసేయాలన్న మీ ఆలోచన విన్నాక మా విద్యార్థుల తరఫున నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోను. పెద్ద కంపెనీలు మొదటి రోజు వెళ్లే కాలేజీలు వేరు, మా విద్యార్థులు వేరే కాలేజీలో జరిగే పూల్ డ్రైవ్‌కు (అనేక కాలేజీల వారికి కలిపి జరిపే నియామకాలకు) తెల్లవారుజామునే బస్సెక్కి వెళ్లాలి. పదో తరగతిలో, ఇంటర్‌లో, బీటెక్‌లో వరుసగా 60 శాతం ఉండాలన్న నిబంధన దగ్గరే చాలామంది ఆగిపోతారు. పదో తరగతిలో జ్వరంతో పరీక్ష రాసి మార్కులు తగ్గిన పిల్లవాడికి ఆరేళ్ల తర్వాత కూడా ఆ శాతం అడ్డుపడుతుంది. టీసీఎస్ వంటి సంస్థలు ఏ కాలేజీ వారైనా రాయగలిగేలా జాతీయ స్థాయి పరీక్షలు పెట్టిన తర్వాత, ఆమ్‌క్యాట్, ఈలిట్మస్ వంటి పరీక్షల స్కోరును కంపెనీలు అంగీకరించడం మొదలైన తర్వాత, మా వంటి కాలేజీల నుంచి అంతకుముందు ఊహించని ఉద్యోగాలు కొందరికి దక్కాయి. ఇది కళ్లారా చూశాను కాబట్టి పరీక్షలకు నేను వ్యతిరేకిని కాను.

అయితే మీ అనుమానం ముమ్మాటికీ సరైనది. మా దగ్గర మూడో సంవత్సరంలోనే సీఆర్‌టీ (క్యాంపస్ నియామకాల శిక్షణ) తరగతులు మొదలవుతాయి. బయటి శిక్షణ సంస్థల వాళ్లు వచ్చి కాలం-పని, రైళ్లు, లాభనష్టాలు, రక్త సంబంధాలు, సిలాజిజం (రెండు వాక్యాల నుంచి ముగింపు తీసే తర్కం) అంటూ ఒక్కో రకం ప్రశ్నకు ఒక్కో అడ్డదారి నేర్పుతారు. రెండు రైళ్లు ఎదురెదురుగా వస్తే ఎంతసేపటికి దాటుతాయన్న ప్రశ్నను చూడగానే సూత్రం గుర్తుకొచ్చే స్థాయికి విద్యార్థిని తయారు చేస్తారు. ఆ దశకు చేరాక ఆ ప్రశ్న ఆలోచనను కొలవడం మానేసి, అభ్యాసం ఎంత జరిగిందో చెబుతుంది. మొదటిసారి కొత్త సమస్యను ఎదుర్కొన్న విద్యార్థికీ అదే నమూనాను వందసార్లు చేసిన విద్యార్థికీ ఒకే మార్కులు వచ్చినప్పుడు, వారిద్దరి మధ్య తేడాను మీ పరీక్ష చూపలేదు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోర్సుల బోర్డుల మధ్య ఆప్టిట్యూడ్ కోచింగుల బోర్డులు కూడా ఉన్నాయి. ఫీజు కట్టగలిగినవారికీ, గదికి అద్దె కట్టి నగరంలో ఉండగలిగినవారికీ అక్కడ అందే అభ్యాసం, పల్లెలో ఫోనులో వీడియోలు చూసి నేర్చుకునేవారికి అందదు.

అందుకని బజారులో దొరికే పరీక్షను కొని యథాతథంగా పెట్టకండి. మీ ట్రైనీ మొదటి ఆరు నెలల్లో ఏం చేస్తాడో కాగితం మీద రాయండి. ఆసుపత్రి నుంచి వచ్చిన ఫిర్యాదు చదివి అసలు సమస్య ఏమిటో గ్రహించాలి, డేటాబేస్‌లో రెండు పట్టికలు ఎందుకు సరిపోలడం లేదో చూడాలి, ఇతరులు రాసిన కోడును చదివి ఒక చిన్న మార్పు చేయాలి. ఈ పనులనే చిన్న రూపంలో పరీక్షగా ఇవ్వండి. బిల్లులో జీఎస్టీ రెండుసార్లు పడిన ఒక నమూనా ఇచ్చి తప్పు ఎక్కడుందో అడిగితే, దానికి ఎవరూ ముందుగా కోచింగు తీసుకోలేరు. తీసుకున్నా నష్టం లేదు, ఎందుకంటే ఆ కోచింగు మీ పనికే పనికొస్తుంది.

పరీక్ష ఎక్కడ రాయిస్తారన్నది కూడా ముఖ్యమే. ఇంటి నుంచి రాయమంటే వెబ్‌క్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ కావాలి, గదిలో ఒక్కరే ఉండాలి, నెట్ ఆగకూడదు. ఇద్దరు ముగ్గురు కలిసి ఉండే హాస్టల్ గదిలో వెనుక నుంచి ఎవరో నడిచి వెళితే ప్రాక్టరింగ్ సాఫ్ట్‌వేర్ (కెమెరాతో పరీక్షను కాపలా కాసేది) హెచ్చరిక ఇస్తుంది. జిల్లాల్లోని కాలేజీల కంప్యూటర్ ల్యాబులను ఆదివారం అడిగితే చాలామంది ప్రిన్సిపాళ్లు సంతోషంగా ఇస్తారు.

జవాబు: నానక్‌రాంగూడ

నేను ఒక పెద్ద విదేశీ సంస్థ హైదరాబాద్ కేంద్రంలో నియామకాలు చూస్తాను. పై ఇద్దరి మాటలనూ గౌరవిస్తూనే కాలేజీ జాబితాను సమర్థించే కొన్ని కారణాలు చెప్పాలి, ఎందుకంటే చర్చలో ఆ పక్షం ఎవరూ మాట్లాడలేదు.

కాలేజీ పేరు ఒక సంకేతం. 1973లో మైకేల్ స్పెన్స్ రాసిన సిద్ధాంతం సారాంశం ఇదే: యజమానికి ఉద్యోగార్థి సామర్థ్యం నేరుగా కనిపించదు కాబట్టి, సామర్థ్యం ఉన్నవారికి తక్కువ శ్రమతో, లేనివారికి ఎక్కువ శ్రమతో దొరికే ఒక గుర్తును ఇరువైపులా నమ్ముకుంటారు. ఆ గుర్తు చదువు కావచ్చు, ఆ చదువులో నేర్చుకున్నది పనికి ఉపయోగపడకపోయినా సరే. ఈ కృషికి ఆయనకు 2001లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ పురస్కారం వచ్చింది. గంటన్నర పరీక్ష నాలుగేళ్ల క్రమశిక్షణను చూపలేదు. అసైన్‌మెంటు గడువులు, ప్రాజెక్టు బృందంతో సర్దుబాట్లు, తప్పిన పేపరును మళ్లీ రాసి నెగ్గడం వంటివన్నీ డిగ్రీ వెనుక ఉన్నాయి. మంచి కాలేజీలో చుట్టూ ఉన్న తోటి విద్యార్థుల వల్ల కలిగే లాభం కూడా చిన్నదేమీ కాదు.

ఆచరణలో మరో ఇబ్బంది ఉంది. ఆన్‌లైన్ పరీక్షలో ఒకరి బదులు మరొకరు రాయడం మేము పట్టుకున్నాం. ఇప్పుడు చాట్‌జీపీటీ వంటి సాధనాలు వచ్చాక, ఇంట్లో కూర్చుని రాసిన కోడింగ్ పరీక్షలోని మార్కులను ఎంతవరకు నమ్మాలో తెలియడం లేదు. వేలమందికి పరీక్ష పెట్టి, పర్యవేక్షించి, మూల్యాంకనం చేసే ఖర్చు చిన్న సంస్థకు భారమవుతుంది. జాబితాను పూర్తిగా తీసేయకుండా దానిని ఐదు నుంచి ముప్పై కాలేజీలకు విస్తరించి, వారికే పరీక్ష పెట్టడం మీకు సులభమైన మార్గమని నా సలహా.

జవాబు: పాలమూరు ఎంపీసీఎస్

నానక్‌రాంగూడ గారూ, మీరు చెప్పిన ముప్పై కాలేజీల జాబితాలో నాలాంటివారు ఎప్పటికీ ఉండరన్న సంగతిని దయచేసి గమనించండి. నేను పదో తరగతి వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోని ప్రభుత్వ పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివాను, ఆ తర్వాత ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ ఎంపీసీఎస్ (గణితం, భౌతిక శాస్త్రం, కంప్యూటర్ సైన్స్) చేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక సంస్థలో టీమ్ లీడ్‌గా ఉన్నాను. తెలంగాణ డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ వ్యవస్థ 'దోస్త్' ద్వారా ఏటా డిగ్రీ కాలేజీల్లో చేరే విద్యార్థుల్లో కంప్యూటర్ సైన్స్ చదివేవారు కూడా ఉన్నారు. బీటెక్ మాత్రమే అన్న ఒక్క షరతుతో వాళ్లంతా పరీక్ష దాకా కూడా రాలేకపోతున్నారు. కాలేజీ గడిని తీసేసినా డిగ్రీ గడిని ఉంచితే తలుపు సగమే తెరిచినట్టు. జోహో వంటి సంస్థ డిగ్రీ లేనివారినే సొంత పాఠశాలలో తీర్చిదిద్ది ఉద్యోగంలోకి తీసుకుంటోంది. హెచ్‌సీఎల్ 'టెక్‌బీ' పేరుతో ఇంటర్ పూర్తయినవారికి శిక్షణ ఇచ్చి తీసుకుంటోంది. నాలుగేళ్ల క్రమశిక్షణ లేకుండానే వాళ్లు పని నేర్చుకుంటున్నారు కదా.

భాష విషయంలో నా అనుభవం చెబుతాను. నేను మొదట్లో రాసిన ఒక సంస్థ పరీక్షలో రీజనింగ్, గణితం, కోడింగ్ భాగాల్లో కటాఫ్ దాటాను, ఇంగ్లిష్ వెర్బల్ భాగంలో దాటలేదు. పరీక్షలో భాగాలవారీ కటాఫ్ ఉండటంతో మిగతా మార్కులన్నీ వృథా అయ్యాయి. ఆ భాగంలో అడిగినవి అరుదైన పదాలకు పర్యాయపదాలు, జాతీయాల అర్థాలు. ఇన్నేళ్ల ఉద్యోగంలో వాటిలో ఒక్కటి కూడా నాకు అవసరం పడలేదు. నాకు రోజూ అవసరమైన ఇంగ్లిష్ వేరు: క్లయింటు పంపిన మెయిల్ చదివి అర్థం చేసుకోవడం, లోపాన్ని నాలుగు స్పష్టమైన వాక్యాల్లో నమోదు చేయడం, కాల్‌లో తెలియనిది తెలియదని అడగగలగడం. దానిని పరీక్షిస్తే నాకు అభ్యంతరం లేదు, పరీక్షించాలి కూడా.

దేశంలో ఇదే వివాదం పెద్ద ఎత్తున ఒకసారి జరిగింది. యూపీఎస్సీ సివిల్ సర్వీసెస్ ప్రిలిమినరీలో 2011 నుంచి సీశాట్ అనే ఆప్టిట్యూడ్ పేపరును ప్రవేశపెట్టారు. ఇంగ్లిష్ మాధ్యమం, ఇంజినీరింగ్ నేపథ్యం ఉన్నవారికి అది అనుకూలంగా ఉందని 2014లో ఢిల్లీలో అభ్యర్థులు ఆందోళన చేశారు. ఆ ఏడాది ఇంగ్లిష్ అవగాహన ప్రశ్నల మార్కులను మెరిట్‌లో లెక్కించబోమని ప్రభుత్వం ప్రకటించింది. 2015లో ఆ పేపరునే 33 శాతం వస్తే చాలన్న అర్హత పేపరుగా మార్చారు. పరీక్ష అందరికీ ఒక్కటే అయినంత మాత్రాన న్యాయమైనది కాదనడానికి నేనెప్పుడూ ఈ ఉదాహరణే చెబుతాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే ఎస్సెస్సీ (స్టాఫ్ సెలెక్షన్ కమిషన్) కూడా 2023లో ఎంటీఎస్, సీహెచ్‌ఎస్‌ఎల్ అనే నియామక పరీక్షలను తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషల్లో రాసేందుకు ఆమోదం పొందింది. ప్రభుత్వం చేయగలిగినప్పుడు, ప్రశ్నను ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ ముద్రించడం మాదాపూర్‌లోని ఒక సంస్థకు అసాధ్యం కాదని నా నమ్మకం. జవాబు కోడు రూపంలోనే రావాలి కాబట్టి మూల్యాంకనంలో కూడా ఇబ్బంది ఉండదు.

సమయం గురించి కూడా ఒక మాట. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు ప్రశ్నను ఒకసారి ఇంగ్లిష్‌లో చదివి, మనసులో తెలుగులో అర్థం చేసుకుని, అప్పుడు లెక్క మొదలుపెడతారు. నిమిషానికి ఒక ప్రశ్న చొప్పున పెట్టే పరీక్షలో ఈ ఆలస్యం తెలివి తక్కువతనంలా నమోదవుతుంది. మీ ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లో లోపాన్ని ఒక నిమిషంలోపు కనిపెట్టాల్సిన అవసరం నిజంగా ఉంటే వేగాన్ని కొలవండి. లేకపోతే ప్రశ్నలు తగ్గించి సమయం పెంచండి.

మాదాపూర్ భాగస్వామి

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చను నా సహ భాగస్వామికి చూపించాను. రైళ్ల లెక్కల పేపరు కొనకుండా మా పనుల నుంచే పరీక్ష తయారు చేయడానికి ఆయన ఒప్పుకున్నారు. డిగ్రీ షరతు విషయంలో ఇంకా ఏకాభిప్రాయం రాలేదు, బీఎస్సీ వారికి ఈసారికి అవకాశం ఇద్దామన్న దగ్గర ఆగాం. ఇంకా మూడు విషయాల్లో స్పష్టత కావాలి. వేలమందికి పని నమూనా పరీక్ష పెట్టలేం కాబట్టి మొదటి మెట్టు ఏమిటి? నానక్‌రాంగూడ గారు చెప్పిన మోసాల సంగతి ఏమిటి? చట్టపరంగా చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

జవాబు: కొలమానం

మొదటి మెట్టుగా ఒక చిన్న ఆన్‌లైన్ పేపరు పెట్టండి. నలభై నిమిషాలు చాలు. ఆసుపత్రి బిల్లు, మందుల జాబితా వంటి మీ రంగపు సామగ్రినే ఇచ్చి, అందులోంచి ఆలోచించి జవాబు చెప్పే ప్రశ్నలు అడగండి. ఇక్కడ కటాఫ్‌ను కఠినంగా పెట్టకండి. ఈ దశలో మోసం జరిగే అవకాశం ఉందని ఒప్పుకుని, దీన్ని అనర్హులను తీసేయడానికి మాత్రమే వాడండి, ర్యాంకు ఇవ్వడానికి వాడకండి. ఇందులో నెగ్గినవారు మీ దగ్గర ఉన్న స్థలానికి మించి ఉంటే లాటరీ తీయడం కూడా తప్పు కాదు. రెండో మెట్టులో మీ కార్యాలయంలో గానీ అధ్యాపకుడు గారు చెప్పినట్టు కాలేజీ ల్యాబులో గానీ, మనిషి పర్యవేక్షణలో పని నమూనా పరీక్ష పెట్టండి. గుర్తింపు కార్డు అక్కడ సరిచూస్తారు కాబట్టి ఒకరి బదులు మరొకరు రాసే సమస్య తీరుతుంది. కృత్రిమ మేధ సాధనాలను మీ ఉద్యోగులు రోజూ వాడుతున్నట్టయితే వాటిని నిషేధించకుండా, అవి ఇచ్చిన జవాబులోని తప్పును పట్టుకునే ప్రశ్న ఒకటి చేర్చండి. మీ ట్రైనీకి ఇప్పుడు ఆ నైపుణ్యమే ఎక్కువ అవసరం.

మూడో మెట్టు ఇంటర్వ్యూ. అందరినీ అవే ప్రశ్నలు అదే వరుసలో అడగాలి. ఏ జవాబుకు ఎన్ని మార్కులో ముందే రాసుకోవాలి. ఇద్దరు విడివిడిగా మార్కులు వేసి, ఆ తర్వాతే మాట్లాడుకోవాలి. నానక్‌రాంగూడ గారు చెప్పిన క్రమశిక్షణ, బృందంతో సర్దుబాటు వంటి గుణాలు నిజంగా ముఖ్యమైనవే. కాలేజీ పేరు నుంచి ఊహించడం కంటే, ఏదైనా పనిని మధ్యలో వదిలేయాలనిపించినా పూర్తి చేసిన సందర్భం చెప్పమని అందరినీ ఒకేలా అడిగితే వాటి గురించి ఎక్కువ తెలుస్తుంది. అలాంటి సందర్భం బీటెక్ ప్రాజెక్టులోనే ఉండాలని లేదు, పొలంలోనో కిరాణా కొట్టులోనో కూడా ఉండవచ్చు.

చట్టం విషయానికొస్తే, పరీక్షకూ ఉద్యోగానికీ సంబంధం ఉండాలన్న సూత్రాన్ని బలంగా చెప్పిన తీర్పు అమెరికాది. నార్త్ కరోలినాలోని డ్యూక్ పవర్ సంస్థలో నల్లజాతి కార్మికులు తక్కువ జీతాల విభాగానికే పరిమితమై ఉండేవారు. 1964 నాటి పౌర హక్కుల చట్టంలో ఉద్యోగ వివక్షను నిషేధించే భాగం 1965 జులైలో అమల్లోకి వచ్చిన రోజునే ఆ సంస్థ, హైస్కూలు డిప్లొమాతో పాటు రెండు ఆప్టిట్యూడ్ పరీక్షలను కొత్తగా షరతు పెట్టింది. అంతకుముందు డిప్లొమా లేకుండా చేరినవారు ఆ పనులను సవ్యంగానే చేస్తూ వచ్చారు. ఆ కార్మికులు వేసిన గ్రిగ్స్ కేసులో 1971లో అక్కడి సుప్రీంకోర్టు, ఆ పనికి సంబంధం లేని పరీక్ష ఒక వర్గాన్ని అడ్డుకుంటే, యజమాని ఉద్దేశం ఏదైనా సరే, అది చెల్లదని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ కేసులో డిప్లొమా, పరీక్ష రెండూ ఒకే తప్పు చేశాయని గమనించండి. పాలమూరు గారు చెప్పిన వెర్బల్ భాగం కూడా ఈ కోవలోదే. మన దేశంలో రాజ్యాంగంలోని 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలకే వర్తిస్తుంది, ప్రైవేటు సంస్థకు గ్రిగ్స్ వంటి బాధ్యత లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మాత్రం ప్రైవేటు సంస్థలనూ తాకుతుంది, సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించమని కోరుతుంది. ప్రభుత్వ పరీక్షల్లో దివ్యాంగులకు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలన్న మార్గదర్శకం ఉంది, మీరూ దానినే పాటించండి.

చిన్న సంస్థ కాబట్టి సహసంబంధ గుణకం లెక్కగట్టేంతమంది మీ దగ్గర ఉండరు. అయినా ప్రతి ట్రైనీ పరీక్ష మార్కులను మూసి ఉంచి, వారి పైఅధికారులకు చూపించకుండా, ఏడాది తర్వాత పనితీరుతో పోల్చి చూడండి. కాలేజీ పేరు విషయంలోనూ అదే పద్ధతి పాటించండి. ఆఫర్ లెటర్ ఇచ్చాక సర్టిఫికెట్ల పరిశీలనకు మాత్రమే అడిగి, అప్పటివరకు ఇంటర్వ్యూ చేసేవారికి రెజ్యుమే ఇవ్వకండి.